త్సింగీ దె బెమరాహా (మడగాస్కర్): దారి, పంట్లు, కేబుళ్లు, నీళ్లు – వివరాలు కావాలి

ఏటిగట్టు
సెప్టెంబరు రెండో పక్షంలో నలుగురం మడగాస్కర్ పడమటి వైపు ఉన్న త్సింగీ దె బెమరాహా జాతీయ పార్కుకి (త్సింగీ అంటే సూదుల్లా నిలిచిన పదునైన రాతి కొనలు) వెళ్లాలని అనుకుంటున్నాం. వయసులు 31, 34, 58, 66. మొరొండావా పట్టణం నుంచి జీపులో పార్కు పక్క ఊరు బెకోపాకా, అక్కడ రెండు రాత్రులు, మూడో రోజు పొద్దున బయల్దేరి అదే సాయంత్రం మొరొండావా నుంచి రాజధాని అంటననరివోకి విమానం. ఈ లెక్క కుదురుతుందా? పార్కులో పెద్ద త్సింగీ, చిన్న త్సింగీ అని రెండు చోట్లున్నాయి కదా, అవి ఒకే రోజులో అవుతాయా? 66 ఏళ్లవారికి ఒక మోకాలు ఇబ్బంది పెడుతుంది. ఇంకొకరికి ఎత్తులంటే బెదురు. దారి గురించీ, సామాను గురించీ తెలిసినవాళ్లు చెప్పండి.

శిలాతోరణం
ఏటిగట్టు గారూ, ముందు ఆ సాయంత్రం విమానం రద్దు చేసుకోండి. మిగతావన్నీ సర్దుకోవచ్చు, అదొక్కటీ కుదరదు.

పటంలో మొరొండావా నుంచి బెకోపాకా సుమారు 200 కిలోమీటర్లే. ఎండాకాలపు మట్టిబాటలో, బండి మంచి స్థితిలో ఉన్నా, 8 నుంచి 10 గంటలు పడుతుంది. దారిలో రెండు నదులు, రెండింటి మీదా వంతెన లేదు, పంటు మీదే దాటాలి.

మొదటిది త్సిరిబిహినా. దక్షిణపు ఒడ్డున త్సిమఫానా రేవు, అవతల బెలో పట్టణం. రెండు ఇనుప పడవలను పక్కపక్కన కట్టి పైన చెక్కలు పరిచిన పంటు అది. రెండు పలకల మీదుగా బండ్లను ఒక్కొక్కటిగా ఎక్కిస్తారు. రేవులు ఎదురెదురుగా ఉండవు, నది వెంట కొంత దూరం నడుస్తుంది కాబట్టి అరగంట నుంచి గంట పడుతుంది. అసలు ఆలస్యం నీటి మీద కాదు, ఒడ్డున: పంటు నిండాలి, అవతలి ఒడ్డున ఉంటే తిరిగి రావాలి. గంటన్నర పోయినా ఆశ్చర్యపోవద్దు.

బెలో తర్వాత ఇంకో వంద కిలోమీటర్ల చిల్లర, చివర మనంబోలో నది మీద చిన్న పంటు. బెకోపాకా ఊరు, పార్కు కార్యాలయం ఉత్తరపు ఒడ్డున ఉంటాయి. చీకటి పడ్డాక దాటిస్తారని నమ్ముకోవద్దు. సెప్టెంబరులో సూర్యాస్తమయం ఆరింటికి అటూ ఇటూ.

వెనక్కి లెక్కేసుకోండి: మనంబోలో రేవుకు సాయంత్రం నాలుగున్నరకు చేరాలంటే బెలో నుంచి పదకొండుకు కదలాలి, అంటే త్సిమఫానాకు తొమ్మిదిలోపు చేరాలి, మొరొండావాలో ఐదింటికే ఇంజను స్టార్ట్ కావాలి. ఊరు దాటాక వచ్చే బావోబాబ్ చెట్ల బాట దగ్గర వెళ్లేటప్పుడు ఐదు నిమిషాలకు మించి ఆగకండి. తిరుగుదారిలో సాయంత్రం వెలుగులో అది ఇంకా బాగుంటుంది.

పొడిఅడవి
పైదానికి ఒకటి కలుపుతాను. బెలో, బెకోపాకా మధ్య పశువుల దొంగల భయం ఎక్కువైన కాలాల్లో బండ్లన్నిటినీ ఒక వరుసగా, సాయుధ జాండార్మ్‌ల (పోలీసు దళం) తోడుతో పంపుతారు. అప్పుడు బయల్దేరే సమయం మీ చేతిలో ఉండదు. కాన్వాయ్ నడుస్తోందా, ఎన్నింటికి కదులుతుంది అన్నది డ్రైవరు చేత ముందురోజే బెలోకి ఫోన్ చేయించి కనుక్కోండి.

ఇక కాలం. నవంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా వానలు, పార్కు మూసి ఉంటుంది. తెరిచాక కూడా పెద్దదానికి వెళ్లే బాట ఆరడానికి ఇంకొన్ని వారాలు కావాలి, అందుకే చిన్న త్సింగీ ముందు తెరుచుకుంటుంది. ఏప్రిల్ ఆఖరుకో మే మొదట్లోనో వెళ్లినవాళ్లు చాలామంది పెద్దది చూడకుండానే వెనక్కి వస్తారు. సెప్టెంబరు రెండో పక్షం మంచి ఎంపిక. దారి గట్టిగా ఉంటుంది, జూలై, ఆగస్టుల రద్దీ తగ్గుతుంది. ఎండ మాత్రం పెరుగుతూ ఉంటుంది. చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. పచ్చదనం కావాలంటే జూన్, లెమర్లు బాగా కనబడాలంటే ఆకులు లేని ఈ నెలలే మేలు.

కొక్కెం
రెండూ ఒకే రోజు వద్దు. పెద్ద త్సింగీ మొదలయ్యే అందమొజావకీ బెకోపాకా నుంచి 17 కిలోమీటర్ల దూరం, జీపులో గంట పైనే. అక్కడ నడక, పాకుడు, ఎక్కుడు, దిగుడు కలిపి 4 నుంచి 5 గంటలు. మధ్యాహ్నం తిరిగొచ్చాక ఒంట్లో శక్తి ఉండదు. చేతులు వణికే వేళ కేబుల్ పనికి పోకూడదు.

చివరి ఐదు నిమిషాల్లో గైడు గబగబా చెప్పే విషయం ఇది, ముందే తెలిసి ఉండాలి. అక్కడ నడుముకూ తొడలకూ కట్టే హార్నెస్ ఇస్తారు. దానికి రెండు పొట్టి తాళ్లు, ఒక్కోదాని చివర ఒక కారాబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) ఉంటాయి. రాతికి బిగించిన ఇనుప కేబుల్‌కి వాటిని తగిలించుకుంటూ పోవాలి.

నడుము పట్టీ తుంటి ఎముకలకు పైన ఉండాలి. తుంటి మీదికి జారితే, తలకిందులైనప్పుడు మనిషి అందులోంచి జారిపోగలడు. బిగించాక పట్టీకీ పొట్టకూ మధ్య అరచేయి బల్లపరుపుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. బకిల్‌లోంచి పట్టీ ఒకసారే వెళ్తోందా, వెనక్కి మళ్లి రెండోసారి వెళ్లాలా అన్నది బకిల్ రకాన్ని బట్టి ఉంటుంది. అది గైడును అడిగి, ఎదుటి మనిషి చేత చూపించుకోండి.

కేబుల్ మధ్యమధ్య బోల్టు వస్తుంది. మొదటి కారాబినర్ తీసి బోల్టుకు అవతల తగిలించి, మూసుకుందని చూశాకే రెండోది తీయాలి. ఏ క్షణంలోనూ రెండూ ఒకేసారి గాల్లో ఉండకూడదు. జనం తప్పు చేసేది కష్టమైన చోట కాదు, దాని తర్వాత వచ్చే తేలిక చోట. "రెండడుగులే కదా" అని రెండూ తీసేస్తారు.

నిచ్చెనల మీద ఒకరు దిగి పక్కకు తప్పుకున్నాకే ఇంకొకరు కాలు పెట్టాలి. వేలాడే వంతెన మీద ఎంతమంది ఒకేసారి వెళ్లవచ్చో గైడు చెబుతాడు. వంతెన ఊగడం మొదలైతే ఆగండి, ఎదురు ఊపు ఇవ్వకండి.

ఏటిగట్టు
ధన్యవాదాలు. అయితే మూడు రాత్రులు పెట్టి, విమానం నాలుగో రోజు తర్వాతికి మారుస్తాం. మోకాలి సంగతీ, ఎత్తుల బెదురు సంగతీ చెప్పగలరా? సందులు ఇరుకని చదివాను, ఎంత ఇరుకు?

కొక్కెం
మోకాలికి ఎక్కడంకంటే దిగడమే కష్టం. పెద్ద త్సింగీలో మోకాలెత్తు అడుగులు వరసగా వస్తాయి, చదునైన మెట్లు కావు. మధ్యలో వెనక్కి తిరగడం కూడా తేలిక కాదు, ఇరుకు సందుల్లో వెనకవాళ్లు ఉంటారు. మామూలు మెట్లు రెండంతస్తులు, పట్టు లేకుండా, నొప్పి లేకుండా దిగగలిగితే ఆలోచించండి. లేకపోతే ఆ ఒక్కరికీ చిన్న త్సింగీ పొట్టి సర్క్యూట్, మనంబోలో లోయలో దోనె ప్రయాణం పెట్టండి. అవి తక్కువవి కావు, ఆ లోయ గోడలు బెమరాహాలో మంచి దృశ్యాల్లో ఒకటి. చేతికర్ర తీసుకెళ్లకండి, రెండు చేతులూ రాతి మీద ఉండాల్సిన చోటు.

ఎత్తుల బెదురున్నవారికి చిన్న త్సింగీయే పరీక్ష. అక్కడా నిచ్చెనలు, చూపు వేదికలు ఉంటాయి, లోతు మాత్రం తక్కువ. మొదటి రోజు అది చేసి, మర్నాడు పెద్దదానికి రావాలో లేదో అప్పుడు నిర్ణయించుకోండి. వరస ఎప్పుడూ చిన్నది ముందు, పెద్దది తర్వాత.

సందులు: కొన్నిచోట్ల పక్కకు తిరిగి, ఊపిరి కొంచెం బిగబట్టి వెళ్లాలి. కొన్నిచోట్ల మోకాళ్ల మీద పాకాలి, లోపల చీకటి. 20 లీటర్లకు మించిన సంచీ వద్దు. సందులో దాన్ని వీపు మీంచి తీసి ముందుకు తోసుకుంటూ పోవాలి. బయటికి వేలాడే పట్టీలు, సీసా జేబులు లేని సంచీ అయితే రాయి పట్టుకోదు. బాగా భారీ శరీరం ఉన్నవారు టికెట్టు కొనేటప్పుడే కార్యాలయంలో చెబితే సరిపడే సర్క్యూట్ సూచిస్తారు.

సున్నపుగుల్ల
రాయి గురించి రెండు మాటలు. అది తెలిస్తే చేతులు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఇది జురాసిక్ మధ్యకాలపు సున్నపురాయి, సుమారు 16–17 కోట్ల ఏళ్లది. చాలా స్వచ్ఛమైనది, బంకమట్టి పాలు తక్కువ. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలచని ఆమ్లమై ఈ రాయిని కరిగిస్తుంది. మట్టి ఎక్కువున్న రాయైతే కరిగిన చోట మట్టి మిగిలి పైన కప్పుతుంది, మట్టి కింద కరిగే రాయి నున్నగా గుండ్రబడుతుంది. ఇక్కడ ఆ కప్పు లేదు. చినుకు నేరుగా రాతి కొన మీద పడి, నిలువునా జారుతూ గాడులు తీస్తుంది. రెండు గాడులు కలిసిన గట్టు కత్తి అంచు అవుతుంది. పైగా రాయి అడ్డంగా నిలువుగా పగిలి ఉంది. ఆ పగుళ్లు పైనుంచి వెడల్పవుతుంటే, కింద భూగర్భజలం గుహలు తొలిచింది. పైకప్పులు కూలి, పైదీ కిందదీ కలిసి లోతైన వీధుల్లాంటి సందులు వచ్చాయి. మన బెలూం, బొర్రా గుహల్లో కింద జరిగిన పనే మనకు కనబడుతుంది. బెమరాహాలో పైకప్పు పోయి ఆ పనంతా ఆకాశం కింద నిలబడి ఉంది.

అందుకే పట్టుకునేటప్పుడు అరచేతిని అంచు మీద వేసి జార్చకూడదు. నిటారుగా ఆనించి, నిటారుగానే ఎత్తాలి. కోత పడేది నొక్కినప్పుడు కాదు, జారినప్పుడు. రెండు గోడల మధ్య ఇరుక్కున్న బండల మీద నడిచే చోట్లు ఉంటాయి. బాట గుర్తులున్న బండల మీదే కాలు పెట్టండి, పక్కవాటిని తొక్కి పరీక్షించకండి. అంచు విరిస్తే మళ్లీ మొలవదు కూడా.

రాతిపూల
నాకు దొరికిన ఫోటోల్లో ఎర్రటి సూదుల్లాంటివి ఉన్నాయి. అవి ఇక్కడివేనా? అంత దూరం పోలేనివాళ్లకు ఇంకో చోటుందా?

సున్నపుగుల్ల
అవి ఎర్ర త్సింగీ, దేశం ఉత్తరపు కొనలో అంట్సిరానానాకు దక్షిణాన ఉంటాయి. పేరు ఒకటే గానీ సున్నపురాయి కాదు, ఎర్రమట్టి నేల వానకు కోసుకుపోయి ఏర్పడినవి. ముట్టుకుంటే రాలతాయి.

సున్నపురాతి త్సింగీనే కావాలంటే ఉత్తరాన అంకరానా ఉంది. అంట్సిరానానా నుంచి 100 కిలోమీటర్ల పైచిలుకు, ఆరో నంబరు జాతీయ రహదారి పక్కనే ఉన్న మహమాసినా నుంచి ప్రవేశం. పంట్లు లేవు, కేబుల్ పని తక్కువ. వేలాడే వంతెన, గబ్బిలాల గుహ, నది నేలలోకి దిగి మాయమయ్యే గుంట ఉన్నాయి. లోతు, ఎత్తు మాత్రం బెమరాహావే గొప్పవి. బెమరాహా 1927 నుంచి రక్షిత ప్రాంతం, 1990లో యునెస్కో జాబితాకెక్కిన మడగాస్కర్ మొదటి స్థలం. 2023లో ఆ గుర్తింపును విస్తరించి అంద్రెఫానా పొడి అడవులు అన్న పేరు పెట్టినప్పుడు అంకరానాను కూడా అందులో చేర్చారు.

మడుగు
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, పైకి రాసినవాటిలో ప్రాణానికి దగ్గరిది ఇదే.

సున్నపురాతి నేల మీద నీరు నిలవదు. పడిందల్లా పగుళ్లలోంచి కిందికి పోతుంది. పెద్ద త్సింగీ దారిలో ఊట గానీ కుంట గానీ దొరకదు. మనిషికి 3 లీటర్లు, అక్టోబరు తర్వాతైతే 4 లీటర్లు. ఒకే పెద్ద డబ్బా వద్దు, లీటరు సీసాలుగా పంచుకోండి. సందుల్లో వీపు సంచీ నొక్కుకుపోయినప్పుడు లోపలున్న, గొట్టంతో తాగే నీళ్ల తిత్తి చిరిగిందంటే నీళ్లన్నీ ఒకేసారి పోతాయి. పక్కగా ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మనిషికి రెండు. సందుల అడుగున చల్లగా ఉంటుంది, దాహం తెలియదు. పైకి ఎక్కగానే రాయి కింద నుంచీ పక్కల నుంచీ వేడి కొడుతుంది. కింద చల్లగా ఉన్నప్పుడే తాగాలి.

నీరు తేటగా ఉంటే మంచిదనుకోకండి. ఇసుకనేలలో నీరు గింజల మధ్య వడగట్టుకుంటూ దిగుతుంది. సున్నపురాతిలో గొట్టంలోంచి వచ్చినట్టు నేరుగా వచ్చేస్తుంది, పైన పడిన మలినం రోజుల్లో ఊటలో తేలుతుంది. కాచి తాగండి, లేదా సీల్ ఉన్నది కొనండి. బయల్దేరే ముందే కాలకృత్యాలు ముగించుకోండి. కాగితం ముక్క కూడా సందుల్లో వేయొద్దు, అది ఊరివాళ్ల నీటిలోకే పోతుంది.

చెప్పులుకుట్టు
బూట్లు: అడుగు గట్టిగా ఉండాలి. చేత్తో వంచితే బొటనవేలి దగ్గర తప్ప మధ్యలో వంగకూడదు. మెత్తటి పరుగు బూట్లలోంచి రాతి మొన పాదానికి తగులుతుంది. అల్మరాలో ఐదారేళ్లుగా పడున్న జత తీయకండి. వాటి మధ్యపొర పాలియూరిథేన్ తేమతో లోలోపల పొడిబారి ఉంటుంది, చూపుకు బాగానే ఉన్నా నడక మొదలైన గంటలో అడుగు ఊడిపోతుంది. పది రోజుల ముందు రెండు గంటలు నడిచి చూడండి. ఎందుకైనా మంచిదని రెండు మీటర్ల బలమైన టేపు సీసాకు చుట్టి పెట్టుకోండి.

పొడుగు ప్యాంటు. అరచేతికి తోలున్న, వేళ్ల కొనలు తెరిచిన చేతితొడుగులు. ఉన్నివి రాతికి చిక్కుకుంటాయి. తలదీపం తప్పనిసరి, ఫోన్ లైటు పనికిరాదు, చేయి ఖాళీగా ఉండాలి. కెమెరా ఛాతీ మీద కట్టుకోవద్దు, కింద అడుగు కనబడదు.

వేపచెక్క
మందుల గురించి. అక్కడ ఏడాది పొడుగునా మలేరియా ఉంది, అదీ ప్రమాదకరమైన ఫాల్సిపారం రకం. ఏ మాత్ర అన్నది డాక్టరు నిర్ణయించాలి, కానీ కాలం లెక్క మీకూ తెలిసుండాలి. అటోవాక్వోన్–ప్రోగ్వానిల్ అయితే చేరడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 7 రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక 4 వారాలు, పైగా ఎండకు చర్మం త్వరగా కందిపోతుంది. ఇంటికొచ్చాక ఆపేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. తిరిగొచ్చిన నెలల్లో జ్వరం వస్తే మడగాస్కర్ వెళ్లొచ్చినట్టు డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి.

టెటనస్ ఇంజెక్షన్ పదేళ్లలోపుదై ఉండాలి. రాతి కోతలు సన్నగా, లోతుగా ఉంటాయి. శుభ్రమైన నీటితో బాగా కడిగి, లోపల రాతి నలుసు లేదని చూశాకే పోవిడోన్ అయోడిన్ రాసి కట్టు కట్టాలి. నలుసు పెట్టి కట్టేస్తే రెండో రోజుకు చీము పడుతుంది. ఎముక విరిగితే చేరాల్సింది మొరొండావాకి, అంటే అవే రెండు పంట్లు, అదే రోజంతా ప్రయాణం. అత్యవసర తరలింపు ఉన్న ప్రయాణ బీమా ఇందుకే.

శిలాతోరణం
డబ్బు: బెకోపాకాలో ఏటీఎం ఉంటుందనుకోకండి. అతి పెద్ద నోటు 20,000 అరియారీ, కాబట్టి నలుగురి ఖర్చుకు కట్టలు కట్టలు అవుతుంది. మొరొండావా యంత్రాలు ఒకసారికి ఇచ్చేది తక్కువ, ఒక్కోరోజు ఖాళీ. అంటననరివోలోనే సగం పైగా తీసుకోండి, 1,000, 2,000 చిల్లర విడిగా పెట్టుకోండి. పల్లెల్లో కొందరు ఇప్పటికీ పాత ఫ్రాంకుల్లో ధర చెబుతారు, 5 ఫ్రాంకులు ఒక అరియారీ. చెప్పిన అంకె మరీ పెద్దదిగా తోస్తే బేరానికి ముందు "అరియారీయా, ఫ్రాంకా" అని అడగండి.

పార్కు టికెట్టు మనిషి లెక్కన, గైడు రుసుము బృందం లెక్కన. గైడు లేకుండా లోపలికి పంపరు. టికెట్టు ముందురోజు సాయంత్రమే కొనేసి, గైడును ఏ హోటలు దగ్గర ఎక్కించుకోవాలో మాట్లాడుకోండి. పొద్దున కార్యాలయం తెరిచేదాకా ఆగితే గంట పోతుంది, ఆ గంట పైన ఎండలో కట్టాల్సి వస్తుంది.

పొడిఅడవి
ఫాదీ గురించి కూడా. ఫాదీ అంటే చేయకూడనివాటి ఆచారం, ఊరూరికీ వేరు. ఇక్కడ వేలు చాచి చూపించకూడదు, వేలు ముడిచి కణుపుతోనో అరచేత్తోనో చూపాలి. మనంబోలో లోయ గోడల్లో వజింబా పూర్వీకుల సమాధులున్నాయి. ఫోటోకు ముందు దోనెవాళ్లను అడగండి, వద్దంటే అక్కడితో ఆపండి. డ్రోనుకు ముందస్తు రాతపూర్వక అనుమతి కావాలి.

దోనె పొద్దున తొందరగా ఎక్కితే గాలి లేవకముందే తిరిగొస్తారు. తెల్లటి డెకెన్ సిఫాకాలు (ఒక రకం లెమర్లు) పొద్దున ఎండకు కాచుకోవడానికి రాతి కొనల మీదికి వస్తాయి. అంత పదునైన అంచుల మీద అవి ఎలా దూకుతాయో నిలబడి చూడాల్సిందే. బెమరాహాలో తప్ప ఎక్కడా లేని బ్రుకేసియా పెరర్మాటా అనే ముళ్ల ఊసరవెల్లి వానాకాలపు జీవి. సెప్టెంబరులో కనబడలేదని గైడును ఒత్తిడి చేయొద్దు, ఆకు పోగులు తిరగేయించొద్దు.

ఏటిగట్టు
అయితే ఇలా మారుస్తున్నాం. మొదటి రోజు మొరొండావా–బెకోపాకా. రెండో రోజు పొద్దున దోనె, తర్వాత చిన్న త్సింగీ, సాయంత్రం పెద్దదానికి టికెట్టు. మూడో రోజు పెద్ద త్సింగీకి ముగ్గురు, మోకాలు నొప్పివారు హోటల్లో. నాలుగో రోజు తిరుగు, ఆ రాత్రి మొరొండావా, ఐదో రోజు మధ్యాహ్నం విమానం. జీపు ఒకటే ఉంది, మూడో రోజు ఇబ్బంది అవుతుందా?

శిలాతోరణం
కాదు, జీపు మీతోనే అందమొజావకీలో ఆగి ఉంటుంది. హోటల్లో ఉండేవారు నడిచి వెళ్లగలిగేంత దూరంలోనే ఊరు ఉండేలా, ఉత్తరపు ఒడ్డు హోటలు తీసుకోండి. దక్షిణపు ఒడ్డున దిగితే ప్రతి పొద్దునా మనంబోలో పంటు కోసం ఎదురుచూడాలి.

మూడో రోజు ఐదున్నరకు కదలండి. నాలుగో రోజు పంటు వరసలో ముందుండాలంటే, కాన్వాయ్ లేకపోతే, ఆరు లోపు బయల్దేరాలి. డీజిల్ మొరొండావాలో నింపించి, వెనక్కి కూడా సరిపోయేలా డబ్బాల్లో పెట్టమని డ్రైవరుకు చెప్పండి. స్టెప్నీలు రెండు ఉన్నాయో లేదో, జాకీ కింద పెట్టే చెక్కపలక ఉందో లేదో అడ్వాన్సు ఇచ్చే ముందు మీరే చూడండి. ఆ పలక లేకపోతే ఇసుకలో జాకీ లోపలికి దిగుతుంది గానీ బండి పైకి లేవదు.